అటక మీది కృష్ణుడు

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే, ఊడలమర్రులు రెండు పక్కలా కమ్ముకున్న బీజాపూర్ రోడ్డు మీద పాత సామాను రెండు దిక్కులా ప్రయాణం చేస్తుంటుంది. ఊళ్లలోంచి పట్నానికి ట్రాలీ ఆటోల్లో తుప్పుపట్టిన ఇనుము, పాత కాయితాలు, విరిగిన కుర్చీలు పోతుంటాయి. పట్నంలోంచి ఫామ్‌హౌసులకు బబుల్ షీటు చుట్టుకుని, ‘యాంటిక్’ అని పేరు తగిలించుకుని మరికొంత సామాను వస్తుంటుంది. మొన్న వానాకాలంలో ఈ రెండు రకాల సామానూ ఒక్కరోజే చూశాను.

పొద్దున ఒక ఫామ్‌హౌసులో గ్రామఫోను చూపించారు. తళతళలాడే ఇత్తడి బాకా, చెక్కపెట్టె మీద కుక్కబొమ్మ. కీ ఇస్తే తిరగడమైతే తిరిగింది. సూది పెడితే మాత్రం గీకుడే తప్ప పలుకు లేదు. కొత్తగా చేసి పాతగా రంగేసిన సరుకది. అలాంటివి దేశమంతా అమ్ముడుపోతున్నాయి. ఇంటాయన మర్యాదస్తుడు, మంచి టీ ఇచ్చారు. అందుకే నోరు మెదపలేదు.

సాయంత్రం చేవెళ్ల అవతల ఒక ఊళ్లో, కూల్చబోతున్న మిద్దె ఇంటి అటక మీంచి దించిన రేకుపెట్టె ముందు కూర్చున్నాను. పాతిక దాకా గ్రామఫోను లక్క ప్లేట్లు. సగానికి కవర్లు లేవు. అడుగున నాలుగు మడతలు పెట్టిన గులాబీరంగు కరపత్రం ఒకటి. మధ్యలో గుండ్రటి బ్లాకులో కిరీటం పెట్టుకున్న కృష్ణుడు. కింద పేరు, ఈలపాట రఘురామయ్య.

“గివి ఎవలికి గావాలె బిడ్డా?” అంది ఆ ఇంటి పెద్దమ్మ. “మా మామ పెండ్లిండ్లకు మైకుసెట్టు కట్టేటోడు. ఆయన పోయినంక ఎవ్వలు ముట్టలే. రేపు పాత సామాన్లాయన వస్తే ఏసేద్దామనుకున్నం.”

వేసేది కిలోల లెక్కన.

మన ఆపెరా మనకుండేది

రంగస్థల గాయకుల ఆనవాళ్లు పోగేయడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న పిచ్చి. ప్లేట్లు, కరపత్రాలు, టిక్కెట్టు ముక్కలు, పద్యాల నోటుబుక్కులు, గ్రూపు ఫొటోలు. ఇలాంటి పిచ్చి పడమటి దేశాల్లో ఆపెరా అభిమానులకు ఎక్కువ. మన దగ్గర ఆపెరా గాయకుల వైభవం ఎవరికి దక్కిందంటే నా మటుకు నేను కచేరీ విద్వాంసుల పేరు చెప్పను, పద్యనాటకం కృష్ణుల పేరే చెబుతాను. ఆపెరాలో చాలావరకు మాట కూడా పాటే. మన నాటకంలో మాట మాటగానే నడిచి, పద్యం దగ్గరికొచ్చేసరికి హార్మోనియం లేస్తుంది. తేడా అంతే. కిరీటాలు, తెరలు, తెల్లవార్లూ కూర్చునే జనం, గొంతు పైస్థాయిలో ఎంతసేపు నిలుస్తుందా అని ఊపిరి బిగబట్టడం, ‘వన్స్ మోర్’ కేకలు, అన్నీ ఒకటే. చచ్చిపోయిన పాత్ర లేచొచ్చి పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయిన ముచ్చట్లు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి.

పైగా మన దగ్గర ఇంకో విశేషం. కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒకే రాత్రి ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు. రాయబారం ముందు ఒకాయన, రాయబారంలో మరొకాయన. కరపత్రంలో ‘ఒకటో కృష్ణుడు’, ‘రెండో కృష్ణుడు’ అని వేసేవారు. రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటి పేర్లలో ఏవైనా రెండు ఒకే కాయితం మీద కనబడితే బండ్లు కట్టుకుని జనం కదిలేవారు. ఎవరి కృష్ణుడు గొప్ప అన్న తగాదా నాటకంతో పాటు ముగిసేది కాదు, మర్నాడు పొలం గట్టు దాకా సాగేది.

రఘురామయ్య అసలు పేరు కల్యాణం వెంకటసుబ్బయ్య. 1901లో గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టారు. కుర్రతనంలో రఘురాముడి వేషం కట్టి మెప్పిస్తే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పేరే ఖాయం చేశారని చెబుతారు. ‘ఈలపాట’ మాత్రం జనం పెట్టిన ఇంటిపేరు. కృష్ణుడి వేషంలో ఉండగానే వేలు మడిచి నోట్లో పెట్టుకుని ఈల అందుకుంటే, పద్యంలో పాడిన రాగమంతా ఆ ఈలలో పలికేది. పిల్లనగ్రోవి అవసరం లేని కృష్ణుడన్నమాట. స్త్రీపాత్రలకు పేరుమోసిన స్థానం నరసింహారావు సత్యభామ, రఘురామయ్య కృష్ణుడు అయితే ఇక ఆ రాత్రికి తిరుగులేదు. స్థానం వారికి 1956లోనే పద్మశ్రీ వచ్చింది, తన అనుభవాలను ‘నటస్థానం’ అని పుస్తకంగా కూడా రాసుకున్నారు. రఘురామయ్యకు పద్మశ్రీ 1975లో వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఆయన కన్నుమూశారు.

1933 నాటి ‘పృథ్వీపుత్ర’ మొదలుకొని సినిమాల్లోనూ వేశారు. అయినా ఆయన్ను ఎరిగినవాళ్లు సినిమా పేరు ఎత్తరు. “ఫలానా ఊళ్లో చూశాను” అంటారు.

వేలుకు వేలం ఉండదు

1850 సెప్టెంబరులో స్వీడన్ గాయని జెన్నీ లిండ్ అమెరికా వచ్చినప్పుడు, ఆమెను తీసుకొచ్చిన బార్నమ్ మొదటి కచేరీ మొదటి టిక్కెట్టును వేలం వేశాడు. జెనిన్ అనే టోపీల వ్యాపారి 225 డాలర్లకు పాడుకున్నాడు. పాట మీద ప్రేమో, తన టోపీల ప్రచారం మీద ప్రేమో గానీ, ఆ టిక్కెట్టు దెబ్బకు దుకాణం పేరు దేశమంతా తెలిసింది. ఆపెరా గాయని మరియా కాలస్ చనిపోయిన మూడు దశాబ్దాల తర్వాత, 2007లో, ఆమె భర్త మెనెగీనీ దాచుకున్న ఉత్తరాలు, సామాను మిలాన్‌లో వేలానికి వచ్చాయి. ఆపెరా గాయకుడు ఎన్రికో కరూసోకు కార్టూన్లు గీసే అలవాటుండేది. హోటల్లో చేతికందిన కాయితం మీద ఎదుటివాడి బొమ్మ గీసిచ్చేవాడు. ఆ కాయితాల్ని ఇప్పుడు అద్దాల్లో పెట్టుకుంటున్నారు.

మరి రఘురామయ్యవి ఏం దాచుకోవాలి? ఆయన వాయిద్యం ఆయన వేలే. కిరీటాలు, భుజకీర్తులు చాలావరకు అద్దెవి. ఇవాళ ఈయన తల మీద, రేపు ఇంకొకరి తల మీద. పట్టుబట్ట చెమటకు చివికిపోయేది. జనం వేదిక మీద తగిలించిన పతకాల సంగతి చెప్పనే అక్కర్లేదు. రంగస్థలం మీద బతికిన ఇళ్లలో బంగారం అన్నది అద్దాల బీరువాలోకి పోదు, ఆడపిల్ల పెళ్లికి పోతుంది. అందుకు నాకేం బాధ లేదు, పతకం ఇచ్చిందే దానికి. కాలి హార్మోనియాలు మాత్రం ఊరికే పోయాయి. కాలితో తొక్కుతూ రెండు చేతులా వాయించే ఆ పెట్టెలు ఒకప్పుడు ప్రతి నాటక సమాజానికీ ఉండేవి. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని స్టూడియోల్లోకి రానివ్వనని గెంటేసి, మళ్లీ 1971 దాకా తలుపు తీయలేదు. రేడియో వెలివేసిన పెట్టెను పద్యనాటకం ఆ ముప్పై ఏళ్లూ నెత్తిన పెట్టుకుని మోసింది. ఇప్పుడు వాటి టేకుచెక్క ఏ టీపాయిలు అయ్యిందో.

అందుకే నాలాంటివాళ్లకు మిగిలింది రెండే. లక్క, కాయితం.

సూది గీసిన వన్స్ మోర్

1902 ఏప్రిల్ 11న గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ మిలాన్‌లో ఒక హోటల్ గదిలో కరూసో చేత పది పాటలు పాడించాడు. ఇచ్చింది 100 పౌండ్లు. అదే గైస్‌బర్గ్ ఆ ఏడాది నవంబరుకల్లా కలకత్తాలో దిగి గాయని గౌహర్ జాన్ పాట పట్టుకున్నాడు. ఆపెరా గొంతూ మన గొంతూ ఒకే ఏడాది ఒకే మనిషి చేతిమీదుగా ప్లేటెక్కాయి. మన నాటక పద్యాలకూ తర్వాత మంచిరోజులొచ్చాయి. చిన్న వయసులోనే పోయిన కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు ఇవాళ ఎవరికైనా వినబడుతోందంటే ఆ ప్లేట్ల పుణ్యమే.

కానీ ప్లేటు నిజం చెబుతుందని పూర్తిగా నమ్మకండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పదంగుళాల ప్లేటులో ఒక్కో వైపు మూడు, మహా అయితే మూడున్నర నిమిషాలు. రంగస్థలం మీద ఒక్క పద్యం చివర రాగమే అంతకన్నా ఎక్కువసేపు సాగేది. స్టూడియోలో గడియారం చూసుకుంటూ పాడిన పద్యం అది. రాగం తుంచేశారు, జనం లేరు, ఈలలు లేవు, పక్కన రుక్మిణి లేదు. నాటకం చూసినవాళ్లు ప్లేటు విని “ఇంతేనా?” అంటే తప్పు వాళ్లది కాదు. రాగాల సాగదీత నాటకాన్ని చంపిందనే పెద్దలు ఆ రోజుల్లోనూ ఉన్నారు. వాళ్లకు ప్లేటే నచ్చి ఉండాలి. నాకు మాత్రం సాగదీసిందే కావాలి. అది ఎక్కడా లేదు.

అయితే ఒక్కోసారి ప్లేటు మీదే జనం దొరుకుతారు. పెద్దమ్మ పెట్టెలోని ప్లేట్లను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకు చూశాను. నల్లటి నిగనిగల మధ్య ఒక్కోచోట బూడిదరంగు చార. సూది అక్కడ మళ్లీ మళ్లీ దిగిందని గుర్తు. పెళ్లి పందిట్లో ఎవరో “ఇంకోపాలి పెట్టు” అనడం, మైకుసెట్టాయన చెయ్యి సూదిని వెనక్కి జరపడం, అంతా ఆ చారలో ఉంది. వన్స్ మోర్ కేకకు దొరికే గుర్తు ఇదొక్కటే. కొనేవాళ్లు దీన్ని ‘అరిగిన సరుకు’ అని పక్కన పడేస్తారు. నేను ముందు దాన్నే తీసుకుంటాను.

ఈ బేరంలో ఇంకో తమాషా ఉంది. ఎక్కువమంది ప్రేమించిన ప్లేటుకే తక్కువ ధర. కరూసో పాటలు అన్ని ఇళ్లలోకీ వెళ్లాయి కాబట్టి మామూలు కరూసో ప్లేటుకు ఇవాళ పెద్దగా విలువ లేదు. మనకు డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర కాటిసీను ఎల్‌పీ అలాంటిది. అందులోని జాషువా శ్మశాన పద్యాలు తెలంగాణ పల్లెల్లో కూడా ఇంటింటి మాటైంది సుబ్బారావు గొంతుతోనే. జుమ్మేరాత్ బజారులో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో గుట్టల్లో వెతికితే అది తగలకుండా ఉండదు. గీత పడనిది మాత్రం దొరకదు. ఒక్క మైకుసెట్టు కూడా దాన్ని ఊరికే ఉంచలేదు మరి.

నాదగ్గరున్నది లెక్కకు నిలవదు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు వేల కొద్దీ ప్లేట్లు పోగేసి, ఏ పాట ఎవరిదో, ఏ వరుస ఎక్కడిదో చెప్పగలిగిన స్థాయికి తీసుకెళ్లారు. పోగేయడం వేరు, పోగేసిందాన్ని చదవడం వేరని నాకు తెలిసింది ఆయన్ని చూశాకే.

కరపత్రానికి వయసు కట్టడం

చదవడం అంటే ఏమిటో కరపత్రం దగ్గర తెలుస్తుంది. నాదగ్గరున్న కరపత్రాల్లో సగానికి పైగా సంవత్సరం లేదు. వారం ఉంటుంది, తేదీ ఉంటుంది, రాత్రి ఎన్ని గంటలకో ఉంటుంది, స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదని ఉంటుంది. సంవత్సరం వేయరు. వచ్చే శనివారం నాటకానికి సంవత్సరం ఎవడడుగుతాడు?

అప్పుడు చిన్న చిన్న ఆధారాలు పట్టుకోవాలి. టిక్కెట్టు ధర రూపాయలు అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది. ‘న.పై.’ అంటే నయాపైసలు ఉంటే 1957కూ 1964కూ మధ్యది. ఉట్టి పైసలుంటే ఆ తర్వాతిది. మన హైదరాబాద్ రాజ్యం కాయితమైతే ఇంకో తిరకాసు, ధర నిజాం హాలీ సిక్కాలోనా, బ్రిటిషిండియా కల్దారులోనా అని. నిజాం రూపాయి 1950ల దాకా ఇక్కడ చెల్లింది. ధరతో ఏళ్ల గిరి గీసుకున్నాక వారం, తేదీ కలపాలి. ఒకే తేదీ ఒకే వారానికి మళ్లీ రావాలంటే ఐదేళ్లో, ఆరేళ్లో, పదకొండేళ్లో పడుతుంది. ఫిబ్రవరి 18 శనివారం అని ఉండి, కింద నయాపైసలుంటే అది 1961 తప్ప మరొకటి కాదు. ఇంత చిన్న లెక్క కుదిరిన రోజు నాకు అన్నం సయించదు, ఆనందంతో.

ముఖం చూసి వయసు కడదామంటే మాత్రం మోసపోతారు. ప్రెస్సువాడి దగ్గర రఘురామయ్య బ్లాకు ఒక్కటే ఉంటుంది. దాన్నే ఏళ్ల తరబడి వాడతారు. పెద్దమ్మ ఇంటి కరపత్రంలో ధరలు నయాపైసల్లో ఉన్నాయి. అంటే ఆ రాత్రి వేషం కట్టిన మనిషికి అరవై అటూ ఇటూ ఉండాలి. కాయితం మీద కృష్ణుడికి పాతికేళ్లు. వేదిక ముందు కూర్చున్నవాళ్లకూ పాతికేళ్లే కనిపించి ఉంటాయి. గొంతు, రంగు, పెట్రోమాక్స్ దీపం కలిస్తే ఎవరైనా నమ్ముతారు. సరిగ్గా ఏ ఏడో తేలుద్దామని మడత విప్పితే పైమూల లేదు. ఎలుక వెతుక్కుని వెతుక్కుని తేదీనే తిన్నది.

ఆ మైకుసెట్టు మామ ఈ కాయితం ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో పెద్దమ్మకు తెలియదు. పట్నం వెళ్లి చూశాడో, మైకు కట్టడానికే పోయాడో. “రాత్రిపూట ఈల ఏసేటోడు, అత్త తిట్టేది, పాములొస్తయని” అంది. అది మాత్రం నోటుబుక్కులో రాసుకున్నాను.

వాడుకునేవాళ్లు దాచుకోరు

చేవెళ్ల పార్లమెంటు నియోజకవర్గంలోనే ఉన్న శేరిలింగంపల్లి వైపు వెళ్తే సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన కుటుంబ నాటక సమాజం వారసులు అక్కడ ఉంటున్నారు. ఆడవేషాలు మగవాళ్లే కడుతున్న కాలంలో తమ ఇంటి ఆడవాళ్లను వేదికెక్కించినవాళ్లు. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో నటించిన సురభి కమలాబాయి వాళ్ల అమ్మాయే. బి.వి. కారంత్ లాంటి దర్శకుడు కోరి వచ్చి వాళ్లతో ‘భీష్మ’ చేయించారు. 2013లో పద్మశ్రీ అందుకున్న సురభి బాబ్జీ 2022లో పోయారు.

నాలాంటివాడు అక్కడికి అత్యాశతో వెళ్తాడు. నూరేళ్ల సామాను ఉంటుందనుకుంటాడు. ఉంటుంది, కానీ మనం అనుకున్నట్టు కాదు. తెర వెలిసిపోతే దాని మీదే మళ్లీ రంగు వేస్తారు. గద పగిలితే అతుకుతారు. అస్త్రాలు ఢీకొనడానికి, నారదుడు మబ్బులోంచి దిగడానికి వాడే తీగలు, కప్పీలు అరిగితే మారుస్తారు. ఏది తాతలనాటిది, ఏది మొన్నటిది అని విడదీయలేం. రేపు నాటకం ఉన్నవాడికి నిన్నటి తెరను మడిచి దాచే తీరిక ఉండదు. దాచుకోవడం మొదలైందంటే ఆడటం ఆగిందన్నమాటే. రఘురామయ్య కరపత్రం కోసం నేను ఊళ్లు తిరుగుతున్నానంటే అందులో సంతోషించాల్సింది తక్కువే.

ఇంత చెప్పాక నా తప్పూ ఒకటి చెప్పాలి. మొదట్లో ఒక మంచి ప్లేటుకు బూజు పట్టిందని స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాను. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని వడ్రంగి పనివాళ్లందరికీ తెలుసు, వాళ్ల పాలిష్ అదే కదా. నాకు మాత్రం గీతలు చెరిగిపోయాక తెలిసింది. ఆ ప్లేటు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఒకవైపు పద్యం, రెండోవైపు నా తెలివి.

పెద్దమ్మ డబ్బు తీసుకోలేదు. “పాడితే ఒక్కసారి ఇనిపియ్యి బిడ్డా” అంది. మరుసటి వారం మెషీన్ తీసుకెళ్లాను. పగిలినవి, అరిగినవి పోను పదకొండు పలికాయి. ఒక ప్లేటు పలుకుతుండగా గోడల మీద గడ్డపార దెబ్బలు మొదలుపెట్టడానికి వచ్చిన కూలీలు కూడా గడపలో కూర్చున్నారు. వాటిలో రఘురామయ్య ప్లేటు లేదు.

మీ అటక మీద ఇలాంటి పెట్టె ఉంటే ఈ ఆదివారం ఒకసారి దించండి. ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. స్పిరిట్ తగలనివ్వకండి. తడిగుడ్డతో మెల్లగా తుడిచి, మధ్యలో లేబులు తడవకుండా చూసుకుని, వెంటనే ఆరబెడితే చాలు. కరపత్రాన్ని లామినేషన్ చేయించకండి, కాయితం లోపలే పాడైపోతుంది. వెనకవైపు పెన్సిలుతో ఊరు పేరు, ఆ నాటకం చూసినవాళ్ల పేరు రాయండి. ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా గుర్తుంటే అడిగి, సంవత్సరం కూడా వేయండి.